రెండు రిపోర్టులు, రెండు పేర్లు

కిందటి నెలలో ఉప్పల్‌లోని మా ఇంటికి ఒక అబ్బాయి రెండు రిపోర్టులు పట్టుకొచ్చాడు. నాచారం పారిశ్రామికవాడలో ఉద్యోగం. తల్లికి అరవై ఏళ్ళు. ముట్లుడిగిన ఎనిమిదేళ్ళకు మళ్ళీ రక్తం కనబడితే, వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతూ నాలుగు నెలలు గడిపిందట ఆవిడ. గర్భసంచిలోంచి చిన్న ముక్క తీసి చూసినప్పుడు ‘కార్సినోమా’ అన్నారు. ఆపరేషన్ అయ్యాక సంచి మొత్తం పరీక్షిస్తే ‘కార్సినోసార్కోమా’ అని వచ్చింది.

"ఇందులో ఏది అబద్ధం డాక్టరమ్మా?" అన్నాడు.

రెండూ నిజమే నాయనా అన్నాను. పప్పుచారులో పైపైన గరిటె ముంచితే చారే వస్తుంది. అడుగునుంచి కలిపి తీస్తే ముక్కలూ వస్తాయి. మొదటి ముక్కలో ఒక్క రకం కణాలే పడ్డాయి.

అవయవాల లోపొరలో పుట్టే కేన్సరు కార్సినోమా. కండ, ఎముక జాతి కణాలది సార్కోమా. ఈ గడ్డలో రెండూ కలిసి ఉంటాయి. ముప్ఫై ఏళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చున్నదాన్ని, అయినా గర్భసంచి గడ్డలో మెత్తటి ఎముకలాంటిది కనబడితే ఇదెక్కడి చోద్యం అనిపించేది! గర్భాశయ కేన్సర్లలో ఇవి నూటికి అయిదుకు లోపే. అనుమానం ఉంటే కెరాటిన్, డెస్మిన్ వంటి పదార్థాలను పట్టి చూపే ప్రత్యేక పరీక్షలు చేస్తాం. అందుకు మరికొన్ని రోజులు పడుతుంది. లాబ్ వాళ్ళను తిట్టకండి.

ఒకప్పుడు దీన్ని సార్కోమాల్లో చేర్చేవారు. చాలా గడ్డల్లో రెండు రకాల కణాలకూ పుట్టుక ఒక్కచోటేనని, లోపొర కణమే దారి మార్చుకుందని జన్యు పరీక్షల్లో తేలాక కార్సినోమాగా లెక్క వేస్తున్నారు. పేరుతో పనేమిటనకండి, మందులు దాన్నిబట్టే. ఇప్పుడు ఎక్కువగా పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ కలిపి ఇస్తున్నారు. మొండిజబ్బే, దాచి లాభం లేదు. సంచి దాటకముందే దొరికితే ఆశ ఎక్కువ.

అందుకే, ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా స్త్రీల డాక్టరుకు చూపించుకోండి. చాలామందిలో అది కేన్సరు కాదు. కొడుకుతో చెప్పడానికి సిగ్గయితే కోడలితో చెప్పండి.

ఇంకో డాక్టరు అభిప్రాయం కావాలంటే కాగితాలు చాలవు. స్లైడ్లతోపాటు మైనంలో పోసి ఉంచిన ముక్కలు, అంటే బ్లాకులు, అడిగి తీసుకోండి. ఏళ్ళ తరబడి పనికొస్తాయి. ఎండలో మాత్రం వదలకండి. ఇ.ఎస్.ఐ. కార్డున్నవారు నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో రిఫరల్ సంగతి అడగండి. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రికైతే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగాలి.