ఆమె చదువు... నా వీసారికం!

‘ఫలానా వాళ్లమ్మాయి ఇంగ్లండ్‌లో చదువుతోందట’ అంటే ఇప్పుడెవరూ ఆశ్చర్యపోరు. ‘వెంట మొగుడూ, పిల్లా కూడా వెళ్లారట’ అంటే మాత్రం పక్కింటివాళ్లూ చెవులు రిక్కిస్తారు. ఎంత ఖర్చయింది, అతన్ని అక్కడ పని చేయనిస్తారా, పిల్లకి బడి ఎలా... అన్నీ అడుగుతారు, ఒక్కటి తప్ప. వెంట వెళ్లిన మనిషికి అక్కడ రోజెలా గడుస్తుంది?

దానికి జవాబు నాకు తెలుసు. ఎందుకంటే, అలా వెంట వెళ్లిన మొగుణ్ని నేనే!

2023 జనవరిలో మా ఆవిడ ప్రజారోగ్యంలో ఎమ్మెస్సీ చేయడానికి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కి బయల్దేరింది. అప్పటికి తను హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. నేను ఈ ఫీచర్లే రాసుకుంటున్నా. పాపకి ఐదేళ్లు. ‘ఏడాదే కదా, నేనొక్కదాన్నే వెళ్లొస్తా’ అంది మొదట. మా పాపేమో వాళ్లమ్మ చున్నీ అంచు పట్టుకుంటేగానీ నిద్రపోదు. ఆ ఏడాది ఎలా గడుస్తుందో ఊహించుకుని, ఆఫీసులో జీతంలేని సెలవు అడిగా. నాన్నకి విషయం చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఇల్లరికం అంటే విన్నాం. ఇదేంట్రా... వీసారికమా?’ అన్నారు.

లెక్కల పరీక్ష

చదువుకునేవాళ్లకి ఇంగ్లిషు పరీక్ష ఉంటుంది. వెంట వెళ్లేవాళ్లకి లెక్కల పరీక్ష ఉంటుంది! మా ఆవిడ ఫీజూ, తన ఖర్చులూ కాక మా ఇద్దరి పోషణకీ విడిగా డబ్బు చూపించాలి. లండన్ బయట ఉండేవాళ్లకైతే మనిషికి నెలకి 680 పౌండ్లు, అలా తొమ్మిది నెలలకి. ఇద్దరికీ కలిపి 12,240 పౌండ్లు. అప్పట్లో పౌండు ఇంచుమించు వంద రూపాయలు. పన్నెండు లక్షల పైమాటే. అదంతా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. ఆ నెల్లో నాన్న రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు గడువుకి ముందే విరగ్గొట్టారు. ‘కదలకూడదంటే ఇంకా కదపాలనిపిస్తుందిరా’ అని రోజూ బ్యాలెన్స్ చూసుకునేవారు.

అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం మనిషికి ఏడాదికి 470 పౌండ్లు ముందే కట్టాం. ఇప్పుడది 776 అయింది. టీబీ పరీక్షలు, పాప బర్త్ సర్టిఫికెట్, మా పెళ్లి సర్టిఫికెట్... అదే లేదు! పెళ్లయిన ఏడేళ్లకి రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి పెళ్లి నమోదు చేయించుకున్నాం. సాక్షిగా వచ్చిన స్నేహితుడు, ‘ఈసారైనా భోజనంలో అప్పడాలు అందరికీ వచ్చేలా చూడరా’ అన్నాడు.

పగలు బడి... రాత్రి గోదాం

మేం దిగేసరికి సాయంత్రం నాలుగింటికే చీకటి. విశ్వవిద్యాలయం హాస్టళ్లలో పిల్లలున్నవాళ్లకి చోటులేదు. బయట అద్దెకి తీసుకుందామంటే అక్కడ మాకు హామీ ఉండేవాళ్లెవరూ లేరు. దాంతో ఆర్నెల్ల అద్దె ముందే కట్టాల్సొచ్చింది. బెల్‌గ్రేవ్ రోడ్డుకి దగ్గర్లో, ఓ దుకాణం పైన చిన్న ఇల్లు. ఆ రోడ్డుని గోల్డెన్ మైల్ అంటారు. పొడవునా చీరల కొట్లూ, నగల దుకాణాలూ, మిఠాయి అంగళ్లూ. 1972లో ఉగాండా నుంచి వెళ్లగొట్టిన భారతీయుల్లో చాలామంది లెస్టర్ చేరారు. వాళ్లలో గుజరాతీలు ఎక్కువ. ఆ పుణ్యమా అని పాపకి మొదటిరోజే జిలేబీ దొరికింది.

ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. రెండో తరగతి దాకా మధ్యాహ్న భోజనం కూడా ఉచితమే. కాకపోతే ఏ బడిలో సీటిచ్చేదీ స్థానిక కౌన్సిల్ చెబుతుంది. ఇంటి పక్క బడి నిండిపోయింది. మూడు వారాల తర్వాత ఇరవై అయిదు నిమిషాలు నడిచి వెళ్లాల్సిన బడిలో చోటు దొరికింది. ఆ మూడు వారాలూ పాపా, నేనూ కిటికీ దగ్గర కూర్చుని బస్సులు లెక్కపెట్టాం.

విద్యార్థులు సెమిస్టర్ నడుస్తుండగా వారానికి ఇరవై గంటలకి మించి పనిచేయకూడదు. వెంట వెళ్లిన భార్యకో, భర్తకో ఆ పరిమితి లేదు. ‘ఇంకేం, నువ్వు సంపాదించు, తను చదువుకుంటుంది’ అని చాలామంది చెప్పారు. వినడానికి బాగుంటుంది. నా పాత్రికేయ అనుభవాన్ని చూసి ఎవరూ పిలవలేదు. చివరికి ఓ గోదాంలో రాత్రి షిఫ్టు దొరికింది. అప్పటి కనీస వేతనం గంటకి తొమ్మిదిన్నర పౌండ్లు. ఏప్రిల్ నుంచి 10.42. వారానికి నాలుగు రాత్రులు పెట్టెలు మోస్తే అద్దే, కూరగాయలూ గడిచేవి.

ఆ గోదాంలో నాతోపాటు ఓ దంతవైద్యుడు ఉండేవాడు. విజయనగరం వాడు. లాగోస్‌లో బ్యాంకు అధికారిగా చేసినాయన ఇంకొకరు. కొచ్చి నుంచి వచ్చిన లెక్చరర్ మరొకరు. అందరివీ డిపెండెంట్ వీసాలే. రాత్రి రెండింటికి టీ తాగుతూ మేం మాట్లాడుకునేది ఏంటనుకున్నారు? ‘మా ఆవిడకి రేపు ప్రెజెంటేషన్’, ‘మా ఆవిడకి గణాంకాల్లో 58 వచ్చాయి’... పదోతరగతి పిల్లల తండ్రుల్లా ఉండేవాళ్లం!

పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి ఉప్మా చేసి, పాపకి జడవేసి, బడిలో దింపి పడుకుంటే మళ్లీ మూడింటికి లేవాలి. ఓరోజు బడిలో ‘మీ కుటుంబం బొమ్మ వేయండి’ అన్నారట. పాప బొమ్మలో వాళ్లమ్మ చేతిలో పుస్తకం ఉంది. పక్కన ఓ దుప్పటి. దానికింద రెండు పాదాలు. ‘నాన్న’ అని రాసింది.

ఒకే ఇల్లు... రెండు షిఫ్టులు

వెంట తీసుకెళ్తే కలిసి ఉండొచ్చు అనుకుంటాం. కానీ తను తరగతికెళ్లే వేళకి నేను నిద్రలో, తను లైబ్రరీ నుంచి వచ్చే వేళకి నేను బూట్లేసుకుంటూ... ఒకే ఇంట్లో ఉండి వాట్సాప్‌లో మాట్లాడుకున్న రోజులున్నాయి. ఫ్రిజ్ మీద చీటీలు ఉండేవి. ‘పాలు అయిపోయాయి’, ‘పాపకి రేపు లైబ్రరీ పుస్తకం ఇచ్చేయాలి’.

మార్చిలో ఓ రాత్రి నేను బయల్దేరుతుంటే, మా ఆవిడ పుస్తకం మూసేసి ఏడ్చింది. మార్కులు తక్కువొచ్చినందుకు కాదు. ‘నువ్వు నడుం పట్టుకుని మెట్లెక్కుతుంటే నేను పాఠం చదువుకోలేకపోతున్నా. ఫెయిలైతే నేనొక్కదాన్నే ఫెయిలవను కదా! నువ్వూ, పాపా, మావయ్యగారి డిపాజిట్లూ అన్నీ ఫెయిలవుతాయి’ అంది. ఒంటరిగా వచ్చిన విద్యార్థి మీద ఒక్క చదువు బరువే ఉంటుంది. కుటుంబంతో వచ్చిన విద్యార్థికి ప్రతి అసైన్‌మెంటు వెనకా ముగ్గురు కనిపిస్తారు. ఆ రాత్రి షిఫ్టుకి వెళ్లలేదు. ఇద్దరం కూర్చుని నాలుగు రాత్రుల పనిని మూడుకి తగ్గించాలనుకున్నాం. ఆదివారం ఎవరూ పనిచేయకూడదనీ, పుస్తకం తెరవకూడదనీ తీర్మానించాం. నెలకి దాదాపు మూడొందల పౌండ్లు తగ్గాయి. కానీ ఆదివారం పూట మా ఇంట్లో మాటలు వినిపించడం మొదలైంది.

అమ్మ వచ్చింది

అక్కడి బడులకి జులైలో ఆరువారాల సెలవులు ఇస్తారు. సరిగ్గా మా ఆవిడ పరిశోధన పని ఊపందుకున్న సమయం. పిల్లల్ని పగలంతా చూసుకునే శిబిరాలు ఉంటాయిగానీ, ఆ ఫీజు కడితే నా సంపాదన దానికే సరి. అమ్మకి ఫోన్ చేశాం.

ఇక్కడో విషయం చాలామందికి తెలియదు. ‘కుటుంబం’ అంటే మన లెక్కలో అమ్మానాన్నలు లేకుండా ఉండదు. విద్యార్థి వీసా లెక్కలో మాత్రం కుటుంబం అంటే జీవిత భాగస్వామీ, మైనరు పిల్లలూ మాత్రమే. అమ్మ రావాలంటే సందర్శకుల వీసానే దారి. దాంతో ఒకసారికి ఆర్నెల్లకి మించి ఉండకూడదు. మేం కట్టినట్టు వైద్యం రుసుము కట్టి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లే వీలు సందర్శకులకి ఉండదు. ప్రయాణ బీమా చేయించి, బీపీ మాత్రలు సరిపడా సర్దుకుని, ఆవకాయ సీసాతో దిగింది అమ్మ. నాన్న హైదరాబాద్‌లో కర్రీపాయింట్ మీద ఆధారపడ్డారు.

అమ్మకి ఇంగ్లిషు రాదు, గుజరాతీ రాదు. అయినా వారం తిరిగేసరికి పార్కులో ఓ గుజరాతీ పెద్దావిడతో స్నేహం కుదిరింది. ఈవిడ తెలుగులో, ఆవిడ గుజరాతీలో. మధ్యలో పాప దుబాసీ. కోడళ్ల గురించే మాట్లాడుకునేవాళ్లని నా అనుమానం. పాప మాత్రం ఒక్కమాట బయటపెట్టలేదు. అమ్మ ఉన్న ఏడు వారాల్లో మా ఆవిడ తన పరిశోధనలో కష్టమైన భాగం పూర్తిచేసింది. ఆ పట్టాలో అమ్మ వాటా ఎంతో ఏ మార్కుల జాబితాలోనూ ఉండదు.

ఇప్పుడైతే...

మేం అక్కడుండగానే, 2023 మే నెలలో బ్రిటన్ ప్రభుత్వం నిబంధనలు మార్చబోతున్నట్టు ప్రకటించింది. విద్యార్థుల వెంట వచ్చేవాళ్లకి 2019లో ఇచ్చిన వీసాలు దాదాపు 16 వేలు. 2022కల్లా అవి లక్షా 36 వేలకి చేరాయి. వాటిలో నైజీరియా తర్వాత స్థానం మనదే, దాదాపు 39 వేలు. అందుకే 2024 జనవరి 1 నుంచి మొదలయ్యే కోర్సులకి తలుపు దాదాపు మూసేశారు. పీహెచ్‌డీలాంటి పరిశోధన కోర్సుల వాళ్లూ, ప్రభుత్వ ఉపకార వేతనాలమీద చదివేవాళ్లూ తప్ప మిగతావాళ్లు కుటుంబాన్ని తీసుకెళ్లలేరు.

కరీంనగర్‌లో ఉండే మా చిన్నాన్న కూతురికి సరిగ్గా ఆ జనవరిలోనే సీటొచ్చింది. రెండేళ్ల బాబుని అత్తగారి దగ్గర ఉంచి వెళ్లింది. చదువయ్యాక దొరికే గ్రాడ్యుయేట్ వీసా మీద భర్తనీ, బాబునీ పిలిపించుకోవచ్చనుకుంది. కుదరదు. ఆ వీసాలో కుటుంబానికి చోటు దొరకాలంటే, వాళ్లు చదువుకునే రోజుల్లోనే డిపెండెంట్లుగా ఉండి ఉండాలి. ఉద్యోగమిచ్చే సంస్థ స్పాన్సర్ చేసిన వీసాకి మారితేనే దారి. అదీ అన్ని ఉద్యోగాలకీ లేదు. ఆ ఒక్క నిబంధన ముందే తెలిసి ఉంటే ఏ నిర్ణయం తీసుకునేదో!

ఒక్కో దేశానిది ఒక్కో తీరు. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి భార్య లేదా భర్త ఎఫ్-2 మీద వెళ్లొచ్చు. పిల్లలు ప్రభుత్వ బడిలో చదువుకోవచ్చు. కానీ ఎఫ్-2 మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేయకూడదు. ఇక్కడ ఇంజినీర్లుగా, డాక్టర్లుగా పనిచేసిన అమ్మాయిలు ఎంతమందో అక్కడ నాలుగ్గోడల మధ్య ఉండిపోయారు. 2015 నుంచి పార్ట్‌టైమ్‌గా చదువుకునే వీలు మాత్రం కల్పించారు. కెనడాలో 2025 జనవరి 21 నుంచి, కనీసం 16 నెలల మాస్టర్స్, పీహెచ్‌డీ, కొన్ని వృత్తివిద్యా కోర్సులు చేసేవాళ్ల జీవిత భాగస్వాములకే పని అనుమతి. ఆస్ట్రేలియాలో మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థుల భాగస్వాములు ఎన్ని గంటలైనా పనిచేయొచ్చు. మిగతా కోర్సులవాళ్ల భాగస్వాములకి రెండు వారాలకి 48 గంటలే. ఈ నిబంధనలు చెప్పాపెట్టకుండా మారుతుంటాయి. ఏజెంటు మాట కాకుండా, ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్ చూసుకోవడం మేలు.

కాగితం మీద ఒక రోజు

2024 ఫిబ్రవరిలో మేం తిరిగొచ్చేశాం. మా ఆవిడకి ఇక్కడే, చదువుకి తగ్గ ఉద్యోగం దొరికింది. నాన్న డిపాజిట్లని నెలనెలా కొంచెం కొంచెంగా తిరిగి కడుతున్నాం. పాప లెస్టర్ యాస ఆర్నెల్లలో పోయింది. జిలేబీ మీద ఇష్టం పోలేదు.

ఇప్పటికీ నెలకో ఫోనొస్తుంది. ‘అల్లుణ్ని కూడా పంపుదామనుకుంటున్నాం, ఏమంటారు?’ అని. పంపమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఒంటరిగా వెళ్లి ఏడాదంతా ఫోన్లో పిల్లాడి మొహం చూసుకుని ఏడ్చినవాళ్లూ నాకు తెలుసు. అందరూ కలిసెళ్లి, ఒకరి మొహం ఒకరు చూడటం మానేసినవాళ్లూ తెలుసు. 

ఓ తెల్లకాగితం తీసుకోమంటా. పొద్దున ఆరు నుంచి రాత్రి పదింటి దాకా గంటలన్నీ వరసగా రాయమంటా. చదువుకునే మనిషివి కాదు, వెంట వెళ్లే మనిషివి. ఏ గంటకి ఏం పని, ఎవరితో మాట, ఆ పనికి డబ్బొస్తుందా, పిల్లలకి జ్వరమొస్తే ఎవరుంటారు... అన్నీ. భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చునే నింపాలి. నిండితే సంతోషం, టికెట్లు తీసుకోండి. ఖాళీలు ఎక్కువగా మిగిలితే మాత్రం, వీసా ఫారం నింపేముందు ఆ ఖాళీల గురించి మాట్లాడుకోండి.