లెడ్‌విల్‌లో నోరెళ్లబెట్టాను

ఇన్నేళ్లుగా ఇలాంటి పోటీ ఒకటి జరుగుతుంటే నాకెవరూ ఎందుకు చెప్పలేదండీ? క్రికెట్ చూశాను, కబడ్డీ చూశాను, ఫ్రాన్స్‌లో జరిగే ఆ పెద్ద సైకిళ్ల పోటీ కూడా టీవీలో అప్పుడప్పుడూ చూశాను. అమెరికాలో, కొలరాడో కొండల మధ్య, లెడ్‌విల్ అనే చిన్న ఊళ్లో ఏటా ఆగస్టులో ఒక శనివారం జరిగే ‘లెడ్‌విల్ ట్రైల్ 100’ సైకిళ్ల పోటీ లాంటిది మాత్రం ఎక్కడా చూడలేదు. చూసి వచ్చినప్పటి నుంచీ దొరికినవాళ్లందరినీ కూర్చోబెట్టి అదే చెబుతున్నాను. మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుంది. ఇక మీరే దిక్కు.

ముందు ఎత్తు సంగతి. ఊరే సముద్రమట్టానికి దాదాపు 3,100 మీటర్ల ఎత్తున ఉంది. మన తూర్పు కనుమల్లో కొమ్ములు తిరిగిన శిఖరాలు కూడా 1,700 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. అంత ఎత్తున గాలిలో ఆక్సిజన్ శాతం మన దగ్గర ఉన్నంతే. తగ్గేది గాలి ఒత్తిడి. అది ఇంచుమించు మూడో వంతు పడిపోతుంది కనుక, ఎంత గట్టిగా పీల్చినా ఊపిరితిత్తులకు అందే ఆక్సిజన్ ఆ మేరకు తక్కువే. బెజవాడ ఎండల్లోంచి వెళ్లిన నేను మోటెల్ మెట్లెక్కి గుండె పట్టుకుని నిలబడ్డాను. అక్కడ నీళ్లు 90 డిగ్రీలకే మరిగిపోతాయి, అందుకని మా ఆవిడ వండిన అన్నం ఎంతసేపటికీ పలుకు తగ్గలేదు. అన్నం ఉడకని ఊళ్లో మా బావమరిది వంద మైళ్లు సైకిల్ తొక్కుతానంటాడు!

అతనేమీ ఆటగాడు కాదు. డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నలభై దాటిన వయసు, ఇద్దరు పిల్లలు, తీసేస్తానంటూనే మోస్తున్న బొజ్జ. పోటీలో చోటు కోసం తీసే లాటరీలో పేరొచ్చిన రోజు ఫోన్ చేసి, “బావా, నాకు సీటొచ్చింది!” అంటే మెడిసిన్‌లో వచ్చిందేమో అనుకునేంత సంబరం ఆ గొంతులో.

దారి వినండి. లెడ్‌విల్‌లో బయలుదేరి కొండలు, అడవులు దాటి కొలంబైన్ గని దాకా వెళ్లాలి. మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. పేరుకి వంద మైళ్లు గానీ నిజానికి ఇంకాస్త ఎక్కువే, 160 కిలోమీటర్లు దాటుతుంది. ఎక్కే ఎత్తులన్నీ కూడితే 3,500 మీటర్లకు పైమాట. మట్టి, గులకరాళ్లు, వాన కోసిన గాళ్లు, మధ్యలో కాస్త తారు. ఇదంతా 12 గంటల్లో పూర్తి చేస్తే ఒక బెల్టు బకిల్ ఇస్తారు. 9 గంటల లోపు వస్తే అదే ఇంకాస్త పెద్దది, వెండీ బంగారు రంగుల్లో. ఎద్దుల మీద, గుర్రాల మీద స్వారీ చేసే రోడియో ఆటల్లో గెలిచినవాళ్లకు బకిల్ ఇవ్వడం ఆ పడమటి ప్రాంతాల ఆచారం. అరచేతిలో పట్టే ఆ లోహపు ముక్క కోసం పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఏడాదంతా తెల్లవారుజామున లేచి తొక్కుతారు.

ఇదంతా ఎవరి బుర్రలో పుట్టిందంటే, ఒక గని కార్మికుడి బుర్రలో. నన్ను మరీ పట్టేసింది ఈ కథే. లెడ్‌విల్ పందొమ్మిదో శతాబ్దంలో వెండితో వెలిగిన ఊరు. ఆ వెలుగు ఆరాక పక్కనే ఉన్న క్లైమాక్స్ గని ఊరికి అన్నం పెట్టింది. ఉక్కును గట్టిపరిచే మాలిబ్డినం తవ్వేవారు అక్కడ. 1980ల మొదట్లో ఆ గనీ మూతపడి వేలమంది వీధిన పడ్డారు. వాళ్లలో కెన్ క్లోబర్ ఒకడు. బయటివాళ్లు వచ్చి ఒక రాత్రయినా ఇక్కడ పడుకుంటే హోటళ్లు బతుకుతాయి కదా అని 1983లో వంద మైళ్ల పరుగు పందెం పెట్టాడు. ఇంత ఎత్తున పరిగెత్తిస్తే జనం చచ్చిపోతారని ఒక వైద్యుడు హెచ్చరిస్తే, అలాగైనా ఊరికి పేరొస్తుందిలే అన్నాడట. మెరిలీ మాపిన్ అనే ఆవిడ ఆయనతో కలిసి పందేన్ని నడిపింది. సైకిళ్ల పోటీ 1994లో మొదలైంది. ఇప్పుడు పదిహేను వందల మందికి పైగా తొక్కుతున్నారు, రానివ్వమని అడిగేవాళ్లు అంతకంటే ఎక్కువ.

పెద్దవాళ్లూ వచ్చారు. 2008లో ప్రపంచ ప్రఖ్యాత సైకిల్ వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ వస్తే, కొలరాడో వాడే అయిన డేవ్ వీన్స్ ఆయన్ను ఓడించి వరుసగా ఆరోసారి గెలిచాడు. మరుసటేడు ఆర్మ్‌స్ట్రాంగ్ తిరిగొచ్చి గెలిచాడు. ఆయన నిషిద్ధ మందులు వాడిన బండారం ఇంకా బయటపడని రోజులవి. 2015లో ఆస్ట్రియాకు చెందిన ఆల్బన్ లకాటా తొలిసారి ఆరు గంటల లోపు ముగించాడు. ఎవరైనా చప్పట్లు కొట్టాల్సిందే. కానీ నా కళ్లు మాత్రం వెనకవాళ్ల మీదే ఉండిపోయాయి.

తెల్లవారుతూనే తుపాకీ పేల్చి వదులుతారు. ఆగస్టు అన్నమాటే గానీ వేళ్లు కొంకర్లు పోయే చలి. కాసేపు తారు రోడ్డు దిగి, తర్వాత సెయింట్ కెవిన్స్ అనే ఎక్కుడు. వందలమంది ఒకరినొకరు రాసుకుంటూ ఎక్కుతుంటారు, ముందున్నవాడు కాలు కింద పెడితే వెనక వరసంతా ఆగాల్సిందే. ఆ తర్వాత షుగర్‌లోఫ్ ఎక్కి పవర్‌లైన్ దిగాలి. కరెంటు తీగల కింద నిట్టనిలువు మట్టి బాట అది, గాళ్ల మధ్య జానెడు దారి. టైర్లు కోసుకుపోయేదీ, భుజాలు విరిగేదీ ఎక్కువగా ఇక్కడే అని తొక్కినవాళ్లు చెప్పారు.

40వ మైలు దగ్గర ట్విన్ లేక్స్. మేం కాపలా కాసింది అక్కడే. రెండు చెరువుల గట్టున టెంట్లు, ఆవుల మెడలో కట్టే గంటలు మోగిస్తూ కేకలు వేసే జనం, తమవాడు కనిపించగానే సీసాలు పట్టుకుని పరిగెత్తే తల్లులు, భార్యలు, పిల్లలు. మా ఆవిడ తమ్ముడి కోసం పులిహోర పట్టుకుని నిలబడింది. అతను వచ్చి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది లోపలికి దిగదు, బయటికి రాదు. “అక్కా, పుచ్చకాయ ముక్క ఉంటే పెట్టవే” అన్నాడు దీనంగా. అంత ఎత్తున కష్టపడే ఒంటికి ఆకలి చచ్చిపోతుందట, తినకపోతేనేమో కాళ్లు చస్తాయట. ఈ పోటీలో సగం యుద్ధం కడుపుతోనే అని పక్క టెంటులో కాన్సాస్ నుంచి వచ్చిన ఒక నర్సు చెప్పింది.

ఇక కొలంబైన్. ట్విన్ లేక్స్ నుంచి ఒకే బిగిన దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కాలి, 3,800 మీటర్ల ఎత్తు దాకా. పై భాగంలో చెట్లు ఆగిపోతాయి. మిగిలేవి రాళ్లు, ఆకాశం, ఈదురుగాలి, మధ్యాహ్నమైతే ఉరుములు. అక్కడికి మేం వెళ్లలేం. సాయంత్రం కాళ్లు చాపుకున్నాక తొక్కినవాళ్లు చెప్పగా విన్నాను. ఆ పై భాగంలో చాలామంది సైకిల్ దిగిపోతారట. ముందువాడి మడమలు చూసుకుంటూ, సైకిల్ నెట్టుకుంటూ, మాటా పలుకూ లేకుండా ఒకే వరసలో నడుస్తారు. తిరుమల కాలిదారిలో మోకాళ్ల పర్వతం దగ్గర జనాన్ని తలుచుకోండి, గోవింద నామం ఒక్కటే తక్కువ. అప్పటికే పైకి వెళ్లి తిరుగు ముఖం పట్టినవాళ్లు అదే బాటలో ఎదురుగా దూసుకొస్తుంటారు. ఛాంపియన్లూ వాళ్లలోనే! ప్రపంచ స్థాయి ఆటగాడు పోటీ మధ్యలో ఒక బొజ్జ గుమాస్తా పక్కనుంచి వెళుతూ ‘కానివ్వు, దగ్గరికొచ్చేశావ్’ అని అరిచే ఆట ఇంకొకటి ఉంటే నాకు చెప్పండి. మా బావమరిదికి అలా అరిచిందెవరో తెలియదు. “ఎవరైతేనేం బావా, ఆ మాటతో ఇంకో రెండొందల గజాలు నడిచాను” అన్నాడు.

వెనక్కి వచ్చేటప్పుడు పవర్‌లైన్ మళ్లీ ఎదురవుతుంది, ఈసారి ఎక్కడానికి. 80 మైళ్లు అరిగిన కాళ్లతో. అయిపోయిందనుకున్న ప్రతి మలుపు తర్వాతా ఇంకో ఎక్కుడు. పిక్కలు పట్టేసి దారి పక్కన కూర్చుని ఏడ్చేశానని ఒక లెక్కల మాస్టారు నవ్వుతూ చెప్పాడు. ఏడుస్తూనే మిగిలిన మైళ్లను మిగిలిన నిమిషాలతో భాగించుకున్నాడట.

ముగింపు గీత ఊళ్లో ఆరో వీధిలో. ఎర్ర తివాచీ పరిచి ఉంటుంది. గెలిచినవాళ్లు మధ్యాహ్నమే వచ్చేసి, స్నానాలు చేసి, భోజనాలు చేసి మళ్లీ వచ్చి జనంలో నిలబడ్డారు. మా బావమరిది బయలుదేరిన పదకొండున్నర గంటలకు వచ్చాడు. ముఖమంతా మట్టి, తలకట్టంతా ఉప్పు. వాళ్లక్క కావలించుకుని ఏడ్చింది. సరే, అది మా ఇంటి గొడవ. అసలు చూడాల్సింది ఆ తర్వాతి అరగంట. వీధి చివర ఒక్కో మనిషి కనిపించగానే, ఎవరి మనిషో తెలియకపోయినా వీధి వీధంతా అరుస్తుంది. అరవై దాటిన ఒకావిడ గడువుకి నిమిషమో రెండు నిమిషాలో ముందు గీత దాటింది. నా గొంతు అక్కడే పోయింది. గడువు దాటాక వచ్చిన కుర్రాడికి బకిల్ లేదు. అరుపులు మాత్రం తగ్గలేదు.

కొలరాడోలో మీవాళ్లెవరైనా ఉంటే ఆగస్టులో ప్రయాణం పెట్టుకోండి. ఒకటి రెండు రోజులు ముందే లెడ్‌విల్ చేరి, నీళ్లు బాగా తాగండి, నెమ్మదిగా నడవండి. స్వెట్టరూ గొడుగూ రెండూ పట్టుకెళ్లండి. ఉదయం ట్విన్ లేక్స్ దగ్గర నిలబడండి, సాయంత్రానికి ఆరో వీధికి వచ్చేయండి. గెలిచినవాళ్లను చూసేశాం కదా అని మధ్యాహ్నమే కారెక్కితే మాత్రం మీరు ఆ పోటీ చూడనట్టే.