మర్ఫా సంగతులు

మర్ఫా వాయించేవాడికి పరికరాల పట్టింపేమిటని మిత్రులు నవ్వుతుంటారు. ఎందుకుండదండీ! నిజాము కొలువుకు వచ్చిన హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు వెంట తెచ్చిన వాద్యమిది. పాతబస్తీ పెళ్ళి ఊరేగింపుల్లో నేటికీ మోగుతున్నది.

తోలు మూత వానాకాలపు చెమ్మకు సడలిపోతుంది. నిప్పు సెగ చూపితే గాని బిగియదు. ప్లాస్టిక్ మూతకు ఆ బాధ లేదు కాని, దాని మోత ఒక పట్టాన ఆగదు. అంచున గుడ్డపేలిక అంటిస్తే కొంత నయం. నాకు మాత్రం తోలే ఇష్టం. బలమంతా భుజం నుంచి తెస్తే గంటలో చేయి పడిపోతుంది. మణికట్టు వదులుగా ఉంచి, మూతమీంచి పుల్లను తనంత తానే లేవనివ్వాలి.

రికార్డింగు మరో తంటా. మైకు దగ్గరగా పెడితే పుల్ల టకటకలే తప్ప లోపలి గంభీరనాదం పలకదు. ఒకమారు పట్టుబట్టి మైకును ఆరడుగులు వెనక్కి జరిపించాను. నాదం వచ్చింది, మా దబీర్‌పురా గల్లీ గోడల ప్రతిధ్వని మాత్రం రాలేదు.

మొహర్రం మొదలు 2 నెలల 8 రోజులు ఇక్కడి షియాల ఇళ్ళలో పెళ్ళిళ్ళుండవు. పదోనాడు బీబీ కా అలావా నుంచి ఏనుగుపై ఆలం బయలుదేరుతుంది; వందల అరచేతులు ఛాతీలపై ఒక్కటిగా పడతాయి. ఎవరూ లెక్క చెప్పరు. నేను పక్కన నిలబడి వింటాను. మా జట్టులో చిన్నవాడు ఆ రోజుల్లో ఆటో నడుపుకుంటాడు. తిరిగి వచ్చేసరికి వాడి మణికట్టు బిగుసుకుపోయి ఉంటుంది.