బండికీ రక్తపుపోటేనా?

రక్తపుపోటు మనుషులకే వస్తుందనుకునే రోజులు పోయాయి. కార్లకు కూడా వస్తుంది. కాకపోతే మన ఇళ్లల్లో పోటు పెరిగిందంటే కంగారు, కార్లలో పోటు తగ్గిందంటే కంగారు. ఆ జబ్బు వచ్చిన బండి చదునైన రోడ్డు మీద పెళ్లికొడుకులా దర్జాగా పోతుంది. ఎత్తు కనబడిందో, ఆయాసపడి చతికిలబడుతుంది. మెకానిక్కులు దీన్ని 'ఫ్యూయల్ ప్రెషర్' తక్కువ కావడమంటారు. మనం ఇంధనపు ఒత్తిడి అందాం.

కారు గొడవ మాకెందుకు అని పేజీ తిప్పబోతున్న అమ్మలక్కలు ఒక్క క్షణం ఆగాలి. ఈ కథలో కారు కన్నా ముందు రెండు బంగారు గాజులున్నాయి.

నేను హిందూపురంలో ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. నా తమ్ముడు నాలుగేళ్ల కిందట బ్యాంకులో అప్పు చేసి, ఒకరు వాడి అమ్మిన డీసెలు కారు కొన్నాడు. టర్బో ఉన్న బండి. దాన్ని బాడుగకు తిప్పుతాడు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు వచ్చే బేరగాళ్లు, ధర్మవరం చీరల కోసం పోయే పెళ్లివారు, లేపాక్షి బసవన్నను చూడవచ్చే బెంగుళూరు వాళ్లు, వీళ్లే వాడి ఆధారం. బండి కదిలితేనే కంతు, కంతు కడితేనే ఇంట్లో నిద్ర.

అటువంటి బండి ఒకనాడు సోమందేపల్లి దాటి పెద్ద రోడ్డు మీద ఎత్తు ఎక్కుతూ, ఉన్నట్టుండి నీరసించిపోయింది. ఎదుట అద్దం కింద పసుపుపచ్చ దీపం వెలిగింది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా ఉలకదు, పలకదు. వెనకాల లారీ వాడి హారను చెవులు చిల్లులు పొడుస్తూంది. బండిలో పెళ్లికూతురితో సహా అయిదుగురు ఆడవాళ్లు. తమ్ముడు ఎలాగో పక్కకు తీసి ఆపి, తాళం తిప్పి మళ్లీ స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు బయల్దేరింది. మళ్లీ ఎత్తు, మళ్లీ అదే వరస.

ఒక వర్కుషాపులో చూసి టర్బో పోయిందన్నారు. ఇంకొక చోట పంపూ, నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలన్నారు. లక్షా పదివేలు అవుతుందన్నారు. గేజీ పెట్టి చూసినవారు లేరు. ఆ రాత్రి తమ్ముడు అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు గాని తినలేదు. మరదలు మాట్లాడకుండా లోపలికి వెళ్లి, చేతి గాజులు రెండూ తీసి తెచ్చి బల్ల మీద పెట్టింది. మా అమ్మ ఆమె పెళ్లినాడు తొడిగిన గాజులవి.

"ఉండమ్మా! జబ్బేమిటో తెలియకుండా మందుకు డబ్బివ్వడం దేనికి? పెనుకొండలో ఒక భాయ్ ఉన్నాడు. చూపిద్దాం," అన్నాను.

"అయితే నేనూ వస్తాను బావగారూ. గాజులు నావి గదా!" అన్నది.

దారిలో ఆమె అడిగింది, అసలీ టర్బో అంటే ఏమిటని. చెప్పాను. పొయ్యి మండాలంటే కట్టెలే కాదు, గాలీ కావాలి. ఊదుగొట్టంతో ఊదితే మంట లేస్తుంది గదా! టర్బో ఇంజనుకు ఊదుగొట్టం. వృధాగా బయటికి పోయే పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అది నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతూ, గాలిని కూరి ఇంజనులోకి నెడుతుంది. ఆల్ఫ్రెడ్ బ్యూకీ అనే స్విట్జర్లాండు ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. అయితే ఎక్కువ గాలి వచ్చినప్పుడు దానికి సరిపడా ఇంధనం కూడా రావాలి. ఊదుగొట్టం ఎంత ఊదినా పొయ్యిలో కట్టె లేకపోతే అన్నం ఉడకదు.

ఆ ఇంధనం వచ్చే తీరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఈనాటి డీసెలు కార్లలో టాంకి నుంచి వచ్చిన నూనెను ఒక పంపు నొక్కిపట్టి, 'రైలు' అనే ఉక్కు గొట్టంలో నిలవ చేస్తుంది. అక్కడి నుంచి ఇంజెక్టర్లు, మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉండే రంధ్రాల గుండా మంచు పొగలా చిమ్ముతాయి. ఈ పద్ధతితో కారు మొదట మార్కెట్టుకు వచ్చింది 1997లో, ఇటలీలో. కారు చక్రంలో గాలి ఒత్తిడి రెండు బార్ల పైచిలుకు. రైలులో, బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడే రెండు మూడు వందల బార్లుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు 1,600 బార్లు, కొన్ని బండ్లలో అంతకు పైన. అంటే టైరు ఒత్తిడికి ఏడు వందల రెట్లు! మహాసముద్రంలో అతి లోతైన చోట, పదకొండు కిలోమీటర్ల కింద నీటి ఒత్తిడి కూడా 1,100 బార్లకు మించదు. పెట్రోలు టర్బో కార్లలో నేరుగా సిలిండరులోకి చిమ్మేవి ఉన్నాయి. వాటిలో ఈ లెక్క 200 బార్ల ప్రాంతం, కొత్తవాటిలో 350 దాకా.

మాట్లాడుకుంటూ ఉండగానే ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫాక్టరీ వచ్చింది. 2019 డిసెంబరులో ప్రారంభమైన ఫాక్టరీ, అప్పటికే ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే శక్తి ఉండేది. తమ్ముడి బండి అక్కడిది కాదు. ఏ కంపెనీదైతేనేం, మొరాయిస్తే అన్నీ ఒకటే. వానకోసం ఆకాశం చూసే మా సీమలో ఇన్ని కార్లు పుట్టడం చిత్రమే. ఆ పక్కనే పెనుకొండ కొండ. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిన విజయనగర రాజ్యం ఊపిరి పీల్చుకోవడానికి వచ్చి నిలిచింది ఇక్కడే. మేము కూడా ఆయాసపడే బండితో అక్కడికే చేరాము.

భాయ్‌కి అరవై ఏళ్లుంటాయి. బానెట్ ఎత్తలేదు. స్టూలు వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎప్పుడు నిలుస్తాంది? ఎత్తులోనా, చదునులోనా? నల్లపొగ వస్తాందా? టాంకిలో డీసెలు ఎంతున్నప్పుడు? తమ్ముడు చెప్పాడు, పొగ రావడం లేదని.

"పొద్దున్నే ఎట్ల స్టార్టయితాది?" అన్నాడు భాయ్.

"బాగానే అవుతుంది," అన్నాడు తమ్ముడు.

"ఏం బాగు?" అన్నది మరదలు వెనక నుంచి. "తెల్లవారుజామున నాలుగుసార్లు దగ్గితేగాని లేవదు. రెండు నెలలుగా ఆ దగ్గుకే నాకు మెలకువ వస్తూంది. మధ్యాహ్నం మాత్రం ఒక్కసారికే లేస్తుంది."

భాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మ చెప్పింది చూడు, అదీ మాట! రాత్రంతా నిలబడితే నూనె వెనక్కి దిగిపోతాంది. గాలి పడతాందేమో. అయినా ఊరికే అనుకోకూడదు అయివారూ, కొలవల్ల."

ఫోను కంటే కాస్త పెద్దదయిన స్కానరును బండికి తగిలించాడు. లోపల దాచుకున్న తప్పు నంబరు పీ 0087 అని చూపించింది. రైలులో ఒత్తిడి తక్కువని దాని అర్థం. "చానామంది ఈ నంబరు చూసి పంపు మారుస్తారు. ఇది జ్వరం ఉందని చెప్తాది గాని, ఎందుకొచ్చిందో చెప్పదు," అన్నాడు.

నన్ను ముందు సీటులో కూర్చోబెట్టి, స్కానరు చేతికిచ్చి, తమ్ముణ్ణి ఎత్తు మీదికి నడపమన్నాడు. తెర మీద రెండు అంకెలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఇంజను కంప్యూటరు కోరిన ఒత్తిడి, రెండోది నిజంగా వచ్చిన ఒత్తిడి. చదునులో ఆరువందలు కోరితే ఆరువందలు వచ్చింది. ఎత్తులో పధ్నాలుగు వందలు కోరింది. వచ్చినది పన్నెండు, పదకొండు, తొమ్మిది వందలు... దీపం వెలిగింది. అంతదాకా టర్బో గాలి మాత్రం కోరినంతా వస్తూనే ఉంది. అంటే టర్బో నిర్దోషి! గాలి తక్కువైతే నల్లపొగ రావలసింది. ఇక్కడ తక్కువైంది నూనె గనుకనే పొగ లేదు.

తరువాత విచారణ కోర్టులో సాక్షుల్లా వరసగా సాగింది. మొదట, అంకె చెప్పే సెన్సారే అబద్ధమాడుతున్నదేమో చూడాలి. ఇంజను ఆపి, కొంతసేపు ఆగి, తాళం మాత్రం తిప్పితే సున్నాకు దగ్గరగా చూపించింది. ఆ పరీక్షలో నెగ్గింది. రెండోది ఇంజెక్టర్లు. ప్రతి ఇంజెక్టరు నుంచి కొద్ది నూనె టాంకికి వెనక్కి పోతుంది. ఆ సన్నని పైపుల చివర నాలుగు చిన్న సీసాలు తగిలించి ఇంజను నడిపాడు. ఏదైనా అరిగిపోయి ఉంటే దాని సీసా ముందు నిండాలి. నాలుగూ అన్నదమ్ముల్లా సమంగా నిండాయి. మూడోది ఫిల్టరు. అందులోని నూనె గాజు గిన్నెలో పోసి చూస్తే అడుగున నీళ్లు లేవు, మడ్డి లేదు.

ఆఖరుకు ఫిల్టరుకూ పంపుకూ మధ్య, రబ్బరు పైపు తీసి, లోపల కనబడే పారదర్శకపు పైపు బిగించాడు. ఊరికే నడిస్తే నూనె తేనెలా పోతూంది. రేసు పెంచగానే బుడగలు, సోడా కొట్టినట్టు! ఆ పైపునే ఫిల్టరుకు ముందు బిగించి చూశాడు. ఒక్క బుడగ లేదు. ఫిల్టరుకు ముందు గాలి లేదు, తరువాత ఉంది. దొంగ ఆ రెంటికీ నడుమనే ఉన్నాడు.

దొంగ ఎవరయ్యా అంటే, ఫిల్టరు మూత కింద ఎండి బిరుసెక్కిన ఒక రబ్బరు ఉంగరం.

"మరి నూనె కారలేదే?" అన్నాడు తమ్ముడు.

సైన్సు మాష్టరుగా ఆ ప్రశ్న నాకెంతో నచ్చింది. కొన్ని బండ్లలో టాంకిలో ఉన్న మోటారు నూనెను తోస్తుంది. వాటిలో సందు ఉంటే నూనె బయటికి కారి తడి కనిపిస్తుంది. తమ్ముడి బండిలో పంపే పీల్చుకుంటుంది. పీల్చే దారిలో సందు ఉంటే నూనె బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఎత్తులో నూనె ఎక్కువ పీలిస్తే గాలీ ఎక్కువ వస్తుంది. బుడగ నొక్కితే నలిగిపోతుంది గనుక ఒత్తిడి నిలవదు. తడి మచ్చ ఉండదు గనుకనే ఎవరి కంటికీ ఆనలేదు.

కొత్త ఉంగరం వేసి, గాలి తీసేసి, మళ్లీ అదే ఎత్తు ఎక్కించాడు. పధ్నాలుగు వందలు కోరింది, పధ్నాలుగు వందలకు అయిదారు తక్కువగా నిలకడగా నిలిచింది. ఉంగరం వెల నలభై రూపాయలు, పరీక్షలకు ఎనిమిది వందలు. భాయ్ మాత్రం నవ్వలేదు. "ఈ పంపుకు గ్రీజు లేదు, ఆయిలు లేదు. డీసెలే దానికి చమురు. ఇట్లనే గాలితో ఇంకా కొన్నాళ్లు తిప్పింటే పంపు అరిగి, ఆ ఇనుప రజను ఇంజెక్టర్లలోకి పోయేది. అప్పుడు వాళ్లు చెప్పిన లక్షా పదివేలు నిజమయ్యేది. అది మరచిపోవద్దప్పా," అన్నాడు తమ్ముడితో.

ఇంకొక మాట కూడా చెప్పాడు, దాన్ని ప్రతి ఇంట్లో గోడకు రాసిపెట్టుకోవాలి. ఇంజను నడుస్తుండగా రైలు పైపుల నట్లు వదులు చేయకూడదు. ఎక్కడ కారుతుందోనని చెయ్యి పెట్టి తడమకూడదు. ఆ ఒత్తిడిలో చిమ్మే నూనె సూదిలా చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత మచ్చే ఉంటుంది. నొప్పి లేదు కదా అని ఇంట్లో కూర్చుంటే వేలూ చెయ్యీ పోవచ్చు. తక్షణం ఆసుపత్రికి వెళ్లి, నూనె ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పాలి. ఈ పరీక్షలన్నీ తెలిసినవాడు చేయవలసినవి. మన పని ఎదురుగా నిలబడి అడగడం.

ఏమడగాలి? ముచ్చటగా మూడే ప్రశ్నలు. కోరిన ఒత్తిడి ఎంత, వచ్చినది ఎంత? చౌక వస్తువులన్నీ చూశాకనే ఖరీదైనదాని మీదికి వచ్చారా? మార్చమంటున్న వస్తువు చెడిందని ఏ కొలత చెప్పింది? వీటికి జవాబు దొరికితే లక్ష అయినా ఇవ్వవచ్చు, నిజంగానే పంపు పోయే రోజులూ ఉంటాయి. జవాబు దొరకకపోతే నలభై రూపాయలు కూడా దండగే.

ఆ సాయంత్రమే ధర్మవరంలో బాడుగ ఉంటే, బండికి పరీక్షగా మేమూ వెళ్లాము. ఒక నేతగాని ఇంట మగ్గం ఆగి ఉంది. ఆయన దీపం దగ్గరకు లాక్కుని, వేలాది పడుగు పోగుల మీద వేళ్లు పరచి, తెగిన ఒక్క పోగును వెతుకుతున్నాడు. మరదలు చాలాసేపు ఆ వేళ్లనే చూస్తూ నిలబడింది. దొరికాక, ముడివేసి, మగ్గం మళ్లీ మొదలుపెట్టాడు.

గాజులు ఇప్పుడు చేతికే ఉన్నాయి. తెల్లవారుజామున బండి స్టార్టు చేసేటప్పుడు మాత్రం మరదలు వంటింట్లో పని ఆపి చెవి ఒగ్గి వింటుంది. ఒక్కసారికే లేస్తే, "ఊఁ, వెళ్లిరండి," అంటుంది. తమ్ముడికి అదే సర్టిఫికెట్టు.