పాసుపుస్తకం మీద బొమ్మ

సంచికకు ఏదైనా రాసిమ్మని అడిగినప్పుడు మన కార్యదర్శి, "బియస్సీ వాడివి గదా, నక్షత్రాల మీదనో అణువుల మీదనో రాయరాదా!" అన్నాడు. నక్షత్రాల సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు మన కాలేజీలోనే ఉన్నారు. నేను రాయబోయేది ఒక బొమ్మను గురించి. నా సెల్‌ఫోనులోకి వచ్చి, నా చేతిమీదుగానే మా ఇంట్లోకి పోయి, అక్కడినుంచి ఇంకొకరి పొట్ట మీద పడిన బొమ్మ అది.

మాది మడకశిర పక్క పల్లె. ఆంధ్ర రాష్ట్రమేగాని మూడు దిక్కులా కర్ణాటకే. సంతలో సగం మాట కన్నడం. 2022లో మా జిల్లా పేరు అనంతపురం పోయి శ్రీ సత్యసాయి అయిందిగాని వాన మాత్రం పాత వానే! మాకు ఏడెకరాలు. నాలుగు నాయనే చేస్తాడు. మూడెకరాల చేను, అక్కడ బోరు ఎండిపోయినప్పటినుంచి గుత్తకిచ్చినాడు. చేసే ఆయనకు సొంతంగా సెంటు భూమి లేదు. తొమ్మిదేండ్లుగా ఆయనే దున్నుతున్నాడు. నేను ఆయనను మామా అంటాను, ఆయన మా నాయనను అన్నా అంటాడు. ఈ వరసలు ఎంతదూరం పనికొస్తాయో తర్వాత చెబుతాను.

2024 మే 13న ఎన్నికలు. నేను ఇంటరు పరీక్షలు రాసి ఇంట్లో ఊరకే ఉన్నాను. ఎక్కడ చూసినా ల్యాండ్ టైట్లింగ్ చట్టం మాటే. విషయం తెలియనివారికి కొంచెం చెప్పాలి. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. కొత్త పాసుపుస్తకాల మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డి గారి ఫొటో వేశారు, హద్దురాళ్ల మీద పేరు చెక్కించారు. దానికి తోడు 2023లో టైట్లింగ్ చట్టం అమలులోకి వచ్చింది. హక్కుకు ప్రభుత్వమే పూచీ పడుతుందని దాని ఉద్దేశం. ఈ పద్ధతిని టోరెన్స్ అనే ఆయన 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలుపెట్టాడు. అయితే మన చట్టంలో తగాదా వస్తే సివిలు కోర్టుకు పోయే దారి మూసి, ముందు అధికారుల దగ్గరకే పొమ్మన్నారు. లాయర్లు కోర్టులు మానేసి ఆందోళన చేశారు. వాళ్ల అభ్యంతరంలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. ఫొటో ఉన్నంత మాత్రాన భూమి ఫొటోలోని మనిషిదైపోతుందని మాత్రం ఏ సెక్షనులోనూ లేదు.

కాని సెక్షన్లు చదివేదెవరు? అందరికీ అందింది బొమ్మ. ఒక పక్క నాగలి భుజానికెత్తుకున్న రైతు, ఇంకో పక్క పాసుపుస్తకం, దాని అట్ట మీద నవ్వుతున్న మొహం. చేను నీదేగాని పుస్తకంలో ఉన్నదెవరో చూసుకో అన్న అర్థం వచ్చేట్టు కింద వెటకారం. వీటినే మీమ్‌లు అంటున్నాం. నాకు నవ్వొచ్చింది. మా బంధువుల గ్రూపులోకి పంపినాను. అంతే నేను చేసింది!

మా నాయన నవ్వలేదు. ఆ రాత్రి ట్రంకుపెట్టె తీసి, పాత పాసుపుస్తకం, శిస్తు రసీదులు, మా అబ్బ కాలంనాటి కాగితాలు అన్నీ మంచం మీద పరిచినాడు. "మన చేనికి ఇంగొకరి బొమ్మ ఏందిరా?" అని నన్నడిగినాడు. అది వెటకారం నాయనా, నిజం కాదు అన్నాను. "వెటకారమైతే ఇంతమంది ఎందుకు పంపుతాండారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మీమ్ అనే మాటను పుట్టించింది డాకిన్స్ అనే జీవశాస్త్రజ్ఞుడు, 1976లో. జన్యువు శరీరం నుంచి శరీరానికి నకలు అయినట్టే, ఒక భావం మెదడు నుంచి మెదడుకు నకలవుతుందని ఆయన ఊహ. ఇందులో నాకు పట్టుకున్న సంగతి ఒకటే. నకలు కావడానికి ఆ భావం నిజం కానక్కరలేదు, అంటుకునే గుణం ఉంటే చాలు. నకలయ్యేటప్పుడు కొంత మారుతుంది కూడా. ఎట్లా మారుతుందో మా ఇంట్లోనే చూసినాను.

జూనులో ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారు మొదట సంతకం పెట్టిన ఫైళ్లలో ఈ చట్టం రద్దు ఒకటి. జూలైలో శాసనసభ రద్దు బిల్లును ఆమోదించింది. చట్టం పోయింది. భయం పోలేదు.

ఆ జూనులోనే, వేరుశనగ విత్తనానికి పదునైన రోజుల్లో, మామ ఒక ఫారం తీసుకొని మా ఇంటికొచ్చినాడు. కౌలు కార్డుకు. 2019లో వచ్చిన సాగుదారుల చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందం రాసుకొని, భూమిగల రైతు సంతకం పెడితే, చేసేవానికి కార్డు ఇస్తారు. కార్డుంటే బ్యాంకులో పంట అప్పు అడగవచ్చు, బీమాకు, నష్టపరిహారానికి పేరు ఎక్కుతుంది. భూమిగలవాని హక్కుకు ఏ లోటూ ఉండదని ఆ చట్టంలోనే ఉంది.

నాయన ఫారం తీసుకొని చాలాసేపు చూసినాడు. తర్వాత, "ఇప్పుడు భూములకు కాలం బాగలేదప్పా. ఆ బొమ్మ నువ్వూ చూసింటావు గదా. ఎవరి పేరు ఏ కాగితంలో ఎక్కితే ఏమైతాదో! వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు.

మామ ఏమీ అనలేదు. "సరేలే అన్నా" అని లేచిపోయినాడు. మా అమ్మ కాఫీ తెచ్చేలోపలే వెళ్లిపోయినాడు.

ఆ ఏడు పూత మీద వాన తప్పింది. చెట్టుకు రెండు మూడు కాయలు. మామ నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చి పెట్టినాడు. కార్డు లేనివాడు ఇంకెక్కడ తెస్తాడు?

డిగ్రీలో చేరిన తర్వాత, రాజనీతి చదివే నా రూమ్మేటు పుణ్యమా అని రోలాఁ బార్త్ అనే ఫ్రెంచి రచయిత గురించి తెలిసింది. ఆయన 1957 నాటి పుస్తకంలో ఒక సంగతి రాశాడు. క్షౌరశాలలో కూర్చొని ఉంటే చేతికొక పత్రిక ఇచ్చారట. అట్ట మీద ఫ్రెంచి సైనిక దుస్తుల్లో ఒక నల్లజాతి కుర్రాడు సెల్యూట్ చేస్తున్నాడు. చూడడానికి అది ఒక కుర్రాడి సెల్యూటే. కాని ఆ బొమ్మ వెనక, మా సామ్రాజ్యం ఎంత గొప్పదో చూడండి, అందరూ ఇష్టంగానే సేవ చేస్తున్నారు అనే మాట ఉంది. మనుషులు చేసిన ఏర్పాటును, అది ప్రకృతిలో ఉన్నదే అన్నట్టు చూపించడం ఇటువంటి బొమ్మల పని అంటాడాయన.

పాసుపుస్తకం మీది ఫొటో అట్లాంటిదే. రైతు చెమటోడ్చి సంపాదించినది నాయకుడు దయతో ఇచ్చినట్టు కనిపిస్తుంది. మీమ్ ఆ సంగతి పట్టుకొని ఎగతాళి చేసింది, మంచిదే. కాని మీమ్ వెనక కూడా ఒక మాట ఉందే! పుస్తకంలో పేరున్నవాడే భూమికి సొంతదారు, ఇక ప్రశ్న ఆ పేరు పక్కన ఎవరి మొహం ఉండాలన్నదే అని. ఆ బొమ్మలో నాగలి మోసే రైతు ఉన్నాడు. నిజంగా దున్నేవాడికి పుస్తకంలో పేరే ఉండకపోవచ్చుననే ఊహ గీసినవారికీ రాలేదు, పంపిన నాకూ రాలేదు. ఏడెకరాల్లో కలుపు తీసే మా అమ్మ పేరు కూడా ఆ పుస్తకంలో లేదనుకోండి, అది వేరే వ్యాసం!

ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేస్తే, కలెక్టరుగా వచ్చిన మన్రో 1807 దాకా ఉండి, భూములు కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు కట్టించే పద్ధతికి పునాది వేశాడు. అప్పటినుంచి కచేరి పుస్తకంలో పేరున్నవాడే రైతు. ఆస్తి అనేది వస్తువుగా కనిపిస్తుందిగాని అసలు అది మనుషుల మధ్య సంబంధం అని మార్క్స్ చెప్పినది, పుస్తకంలో చదివినప్పుడు నాకు అంతగా ఎక్కలేదు. ఆ ఫారం మీద ఖాళీగా మిగిలిన గీత గుర్తొచ్చినప్పుడు ఎక్కింది. అంబేద్కర్ 1947లోనే, భూస్వామీ కౌలుదారూ కూలీ అనే తేడాలే లేకుండా భూమి ప్రభుత్వానిదై ఊరివారికి సాగుకివ్వాలని ప్రతిపాదించాడు. ఈ మాట మా ఇంట్లో అనే ధైర్యం నాకింకా రాలేదు.

ధైర్యం చేసి చెప్పినదల్లా కార్డు సంగతే. పోయిన దసరా సెలవుల్లో నాయన పక్కన కూర్చొని చట్టం అంతా విడమరిచి చెప్పినాను. బార్త్ గురించి కూడా కొంచెం చెప్పినాను, తప్పే! అంతా విని, "ఆయప్ప ఎప్పుడైనా చేను గుత్తకిచ్చినాడా?" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. నాయన దుర్మార్గుడు కాదు. ఏడెకరాల మెట్ట ఉన్నవానికి అది తప్ప ఇంకేమీ లేదు. పైవాళ్లు తీసుకుంటారేమోనన్న భయాన్ని పైవాళ్లకు చూపించలేడు. కిందివానికి చూపించగలడు.

"ఫారం ఎక్కడుంది నాయనా?" అని అడిగినాను.

"పెట్టెలో ఉంది. పారేయలేదులే" అన్నాడు.

ఆ సంక్రాంతికే మామ ఇంటికి తాళం వేసి ఉంది. బెంగుళూరులో ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా చేరినాడట, అత్తనూ పిల్లనూ కూడా తీసుకుపోయినాడట. మూడెకరాలకూ ఇంతవరకు ఎవరూ గుత్తకు రాలేదు. నేను ఫోను చేస్తే మామ బాగానే మాట్లాడినాడు, చదువెట్లుంది అల్లుడూ అన్నాడు. ఆ బొమ్మ మొదట మా ఇంటికి పంపింది నేనేనని చెప్పాలనుకున్నాను. వెనక ఎవరో కారు హారను కొట్టినారు, గేటు తీయాల, మళ్లీ చేస్తానని పెట్టేసినాడు.