గుడ్లగూబ యాట

గుడ్లగూబ యింటిపై వ్రాలిన నశుభమని మన పెద్దలందురు. మొన్న సెలవులకు వచ్చిన మా యబ్బాయి యా పక్షినే కంప్యూటరు తెరపై నాకు చూపెను. అది 1992 లో బెల్జియము దేశమున అమీగా కంప్యూటరుకొఱకు తయారైన "అగొనీ" యను పాత యాట. మాంత్రికుని శిష్యుడు గుడ్లగూబయై యెగురుచు, ఎదురైన భూతములను కాల్చవలెను. మొదట టిమ్ రైట్ కూర్చిన పియానో వాద్యము వినబడెను. కుట్టుచున్న రవికె నా యొడిలోనే యుండిపోయెను. పిమ్మట కెరటములు, మబ్బులు, దూరపు కొండలు వేరువేరు వేగములతో కదలుచుండ, గోడమీది చిత్రపటమే నడచినట్లుండెను.

ఆడబోగా మాత్రము నిరాశయే! పక్షి పెద్దది, తప్పుకొనుటకు చోటు చాలదు. శత్రువు లా నిండు రంగులలో కలిసిపోయి, తగిలినదాక కానరారు. ఎంతసేపు కాల్చినను మరల కాల్చుటయే. అరగంటకు విసుగు పుట్టెను.

"నీవు బొమ్మలు వేయుదువు గదమ్మా, నీకు నచ్చునని వెదకి తెచ్చితిని" అని వాడనగా, బాగులేదని చెప్పుటకు నోరాడలేదు. వాడు నిద్రించిన పిదప మరల పెట్టి, కాల్చుట మాని, గుడ్లగూబ చచ్చువఱకు ఆ సముద్రమునే చూచుచు కూర్చుంటిని.