ఆటో ఛార్జీ వెనుకనున్న లెక్క

"ఆటో ఛార్జీ ఇంత పెంచారేమిటి?" అనే మాట మన సంఘాలలో తరచుగా వింటున్నాము. డీజిలు ఆటో నడుపుకొనే మా ఊరి సహోదరుడొకరిని ఈ సంగతి అడిగాను. "అయ్యగారండీ, బంకులో బేరమాడే వీలు నాకు లేదు. నా ఆటో ఎక్కినవాళ్లందరూ నాతో బేరమాడతారు" అన్నాడు. ఆ మాట నన్ను ఆలోచింపజేసింది.

లీటరు డీజిలు ధరలో ముఖ్యముగా రెండు పన్నులున్నవి. కేంద్రము లీటరుకు ఇంత అని ఎక్సైజు సుంకము వేస్తుంది. ఆ సుంకము కలిసిన ధరపై రాష్ట్రము వ్యాట్ వేస్తుంది. అంటే పన్ను మీద కూడా పన్నే. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినా పెట్రోలు, డీజిలు దాని వెలుపలనే ఉండిపోయినవి. 2020లో ముడిచమురు ధర పడిపోయినప్పుడు ఆ మేలు డ్రైవరుకు అందలేదు. ఆ మే నెలలోనే కేంద్రము లీటరు డీజిలుపై 13 రూపాయలు, పెట్రోలుపై 10 రూపాయలు సుంకము పెంచింది. 2021 నవంబరులో డీజిలుపై 10, పెట్రోలుపై 5 తగ్గించింది.

ప్రభుత్వము నడవాలంటే పన్ను కావలసిందే. అయితే కారున్న ధనవంతుడూ, మిరపకోతకు కూలీలను చేరవేసే ఆటో డ్రైవరూ లీటరుకు ఒకే పన్ను కడుతున్నారు. ఒకరికది చిల్లర, మరొకరికి పిల్లల ఫీజు. లారీ యజమాని కిరాయి పెంచుకుంటే అది కూరగాయల ధరలో కలుస్తుంది. ఆటో డ్రైవరు పెంచితే కూలీలు నడిచిపోతారు. పైగా ఆ కూరగాయలు అతడూ కొనుక్కోవాలి.

పన్ను తగ్గించమని పాలకులను అడగడము మన హక్కు. ఈలోగా ఐదు రూపాయల కోసం అతనితో వాదించే ముందు, సాయంత్రానికి అతని జేబులో ఎంత మిగులుతుందో ఒకసారి అడిగి చూడండి.